పంపుతూనే వినడం: ఒకే ఫ్రీక్వెన్సీ ఫుల్ డ్యూప్లెక్స్ రేడియోను టేబుల్ మీద కట్టి కొలిచే పద్ధతి

సైనిక రేడియో సెట్‌లో బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ ఆ సెట్ చెవి మూసుకునే ఉంటుంది. అవతలి నుంచి "ఆగు, ముందుకు రావద్దు" అని కేక వేసినా, బటన్ వదిలేదాకా వినపడదు. ఆ కొద్ది సెకన్లలోనే ఎవరైనా జామర్ ఆన్ చేస్తే, మన మాట ఎవరికీ చేరడం లేదన్న సంగతి కూడా మనకు తెలియదు. పంపుతున్న ఫ్రీక్వెన్సీలోనే, పంపుతున్న క్షణంలోనే వినగలిగితే ఈ రెండు కష్టాలూ తీరతాయి. దీన్నే ఒకే ఫ్రీక్వెన్సీ ఫుల్ డ్యూప్లెక్స్ అంటారు. మొబైల్ ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవడం దీని కిందకు రాదు. అక్కడ చాలా నెట్‌వర్క్‌లలో వెళ్లే దారికి ఒక ఫ్రీక్వెన్సీ, వచ్చే దారికి ఇంకో ఫ్రీక్వెన్సీ ఉంటాయి, మధ్యలో డ్యూప్లెక్సర్ ఫిల్టర్ అడ్డుగోడలా నిలబడుతుంది. ఇక్కడ ఫ్రీక్వెన్సీ ఒక్కటే కాబట్టి ఫిల్టర్ పనికిరాదు. మన సొంత సిగ్నల్‌ను మనమే లెక్కగట్టి తీసేయాలి.

2010లో స్టాన్‌ఫర్డ్ బృందం ఇది సాధ్యమేనని చేసి చూపింది. 2013లో అదే విశ్వవిద్యాలయంలో 20 డీబీఎం పవర్ (డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత, ప్రతి 10 డీబీకి పది రెట్లు), 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉన్న వైఫై సిగ్నల్‌ను 110 డీబీ మేర రద్దు చేశారు. సైనిక రేడియోలకు దీన్ని ఎలా వాడవచ్చో ఫిన్లాండ్ పరిశోధకులు 2017లో ఐఈఈఈ కమ్యూనికేషన్స్ మ్యాగజైన్‌లో వివరంగా రాశారు. నాటో సైన్స్ అండ్ టెక్నాలజీ ఆర్గనైజేషన్ కూడా ఈ విషయం మీద ప్రత్యేక బృందాన్ని నియమించింది. "సామర్థ్యం రెట్టింపు" అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది కానీ, యుద్ధరంగంలో అసలు లాభం అది కాదు. మాట్లాడుతూనే వినగలగడమే అక్కడ విలువైనది.

కింద ఉన్నది ఈసీఈ చివరి ఏడాది విద్యార్థి, లేదా ఆర్‌ఎఫ్ ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఇంజనీరు సొంతంగా కట్టి కొలవగల అమరిక. 2.45 గిగాహెర్ట్జ్, 5 మెగాహెర్ట్జ్ వెడల్పు, 0 డీబీఎం పవర్. అంతా కేబుళ్లలోనే నడుస్తుంది, గాలిలోకి ఏమీ వెళ్లదు.

కాగితం మీద లెక్క

టంకం ఐరన్ ముట్టుకునే ముందు ఈ లెక్క చేయండి. గది ఉష్ణోగ్రత దగ్గర థర్మల్ నాయిజ్ ఒక్కో హెర్ట్జ్‌కు −174 డీబీఎం. 5 మెగాహెర్ట్జ్ వెడల్పుకు 67 డీబీ, రిసీవర్ నాయిజ్ ఫిగర్‌కు (రిసీవర్ తనంతట తాను కలిపే నాయిజ్‌కు) 8 డీబీ కలిపితే −99 డీబీఎం. అదే మన రిసీవర్ వినికిడి హద్దు. పంపేది 0 డీబీఎం కాబట్టి సొంత సిగ్నల్ పూర్తిగా కనపడకుండా పోవాలంటే 99 డీబీ రద్దు కావాలి.

ఇప్పుడు నిజమైన సెట్‌కు ఇదే లెక్క వేయండి. వీపున మోసే 5 వాట్ల సెట్ అంటే 37 డీబీఎం. 25 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లో నాయిజ్ హద్దు −122 డీబీఎం. కావలసింది 159 డీబీ. వాహనంలోని 50 వాట్ల సెట్ అయితే 169. వైఫైలో 110 సాధించారు కదా, ఇక సైన్యానికి ఇచ్చేయవచ్చు అనుకునేవాళ్లు ఈ 50, 60 డీబీ తేడాను కళ్ల ముందు పెట్టుకోవాలి.

ఈ 99 డీబీని ఒక్క చోట తీయలేం. ఎందుకో ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) చెబుతుంది. 12 బిట్ల ఏడీసీ ఆదర్శంగా 74 డీబీ చూడగలదు. సిగ్నల్ శిఖరాలకు 10 డీబీ వదలాలి, నిజంగా పనిచేసే బిట్లు ఒకటి రెండు తక్కువే ఉంటాయి, కాబట్టి చేతికి మిగిలేది 55 డీబీ దాకా. సర్క్యులేటర్ (ఒకే యాంటెన్నాకు ట్రాన్స్‌మిటర్‌ను, రిసీవర్‌ను కలుపుతూ ఆ రెంటినీ విడిగా ఉంచే భాగం) దాటి వచ్చిన సొంత సిగ్నల్ −22.5 డీబీఎం ఉందనుకోండి. దానికి సరిపడా గెయిన్ పెడితే −77.5 కింద ఉన్నదంతా ఏడీసీ క్వాంటైజేషన్ నాయిజ్‌లో మునిగిపోతుంది. దూరం నుంచి వచ్చే సిగ్నల్ −80 అయితే అది ఏడీసీ దగ్గరే పోయింది. ఆ తర్వాత ఎంత గొప్ప అల్గారిథమ్ రాసినా అది తిరిగి రాదు. అందుకే ఏడీసీ కంటే ముందు, అనలాగ్‌లోనే 30 డీబీ తీసేయాలి. అప్పుడు ఏడీసీకి వెళ్లేది −52.5, మిగతా 40 డీబీ సాఫ్ట్‌వేర్ వంతు, చివరికి మిగిలేది −92.5. అంటే నాయిజ్ హద్దుకు ఇంకా 6.5 డీబీ పైన. నాయిజ్‌తో కలిపి చూస్తే రిసీవర్ 7.4 డీబీ మేర చెవుడుగా ఉంటుంది. మొదటి అమరికకు ఇది మంచి ఫలితమే. ఇంతకంటే బాగా వచ్చిందనిపిస్తే ముందు కొలత సరిగా ఉందో లేదో అనుమానించండి.

సామాను

యూఎస్‌ఆర్‌పీ బీ210 ఒకటి, ఇది కంప్యూటర్‌తో నడిచే రేడియో బోర్డు (ఎస్‌డీఆర్). ఇందులోని ఏడీ9361 చిప్‌లో రెండు రిసీవ్ ఛానెళ్లకూ ఒకే లోకల్ ఆసిలేటర్ ఉంటుంది, ఈ ప్రయోగానికి ప్రాణం అదే. 2.3–2.6 గిగాహెర్ట్జ్ ఎస్‌ఎంఏ సర్క్యులేటర్ ఒకటి, ఐసోలేషన్ 20 డీబీ. 6 డీబీ డైరెక్షనల్ కప్లర్లు (దారిలో వెళ్లే సిగ్నల్‌లో కొంత నకలు పక్కకు తీసేవి) రెండు, 20 డీబీ కప్లర్ ఒకటి. పీఈ4302 స్టెప్ అటెన్యుయేటర్ బోర్డు, ఇది సిగ్నల్‌ను 31.5 డీబీ దాకా 0.5 డీబీ మెట్లలో తగ్గిస్తుంది. ట్రాంబోన్‌లా జరిగే లైన్ స్ట్రెచర్ ఒకటి. 2.45 గిగాహెర్ట్జ్‌కు గాలిలో తరంగదైర్ఘ్యం 122 మిల్లీమీటర్లు. రెండు కాళ్లూ కలిసే జరుగుతాయి కాబట్టి 61 మిల్లీమీటర్లు లాగితే ఫేజ్ పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు, తిరుగుతుంది. అంత ప్రయాణం లేని స్ట్రెచర్ అయితే పొట్టి కేబుల్ ముక్కలు జతచేసి సర్దుకోవచ్చు. 3, 5, 7, 10, 20, 30 డీబీ అటెన్యుయేటర్లు, నాలుగు 50 ఓమ్ లోడ్లు, 3 గిగాహెర్ట్జ్ దాకా నిజంగా కొలవగల చిన్న వీఎన్‌ఏ (సిగ్నల్ ఎంత దాటిందో, ఎంత వెనక్కి వచ్చిందో కొలిచే పరికరం). దూరపు స్టేషన్ వేషానికి ఇంకో ఎస్‌డీఆర్.

కేబుళ్ల దగ్గర పొదుపు చేయకండి. మెత్తటి ఆర్‌జీ316 బదులు, చేత్తో వంచితే అలాగే నిలిచే సెమీరిజిడ్ రకం తీసుకోండి. కారణం ఇదీ: టెఫ్లాన్ కేబుల్‌లో ఈ ఫ్రీక్వెన్సీ తరంగదైర్ఘ్యం సుమారు 86 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటర్ అంటే 4.2 డిగ్రీలు. అంత తేడా వస్తే రద్దు లోతు 22.7 డీబీ దగ్గరే ఆగిపోతుంది. ఒక్క డిగ్రీ తప్పు ఉంటే 35 డీబీ దాటదు. మోచేయి తగిలి కేబుల్ కదిలితే గంటసేపు పడిన శ్రమ పోతుంది. కేబుళ్లన్నీ చెక్క పలక మీద టేపుతో అంటించేయండి. ఎస్‌ఎంఏ కనెక్టర్లను టార్క్ రెంచ్‌తో బిగించండి: ఇత్తడివైతే 0.56 న్యూటన్ మీటర్, స్టీలువైతే 1. చేత్తో బిగించిన కనెక్టర్ రెండు రోజులకు వదులై, ఫేజ్ జారుతుంది. అప్పుడు తప్పంతా కోడ్‌లో ఉందనుకుని కోడ్ వెతుక్కుంటూ కూర్చుంటారు.

సర్క్యులేటర్, యాంటెన్నా: ఎక్కువ మంది దెబ్బతినే చోటు

వీఎన్‌ఏను వాడబోయే కేబుళ్ల చివర క్యాలిబ్రేట్ చేయండి. సర్క్యులేటర్ ఒకటో పోర్టు ట్రాన్స్‌మిటర్‌ది, రెండోది యాంటెన్నాది, మూడోది రిసీవర్‌ది. రెండో పోర్టుకు 50 ఓమ్ లోడ్ పెట్టి, ఒకటి నుంచి మూడుకు ఎంత లీక్ అవుతోందో చూడండి. 20 డీబీ వస్తే సర్క్యులేటర్ మంచిదే. ఇప్పుడు లోడ్ తీసి యాంటెన్నా పెడితే ఆ 20 నిలవదు.

యాంటెన్నా వెనక్కి తిప్పిన పవర్ నేరుగా మూడో పోర్టుకే వెళ్తుంది, సర్క్యులేటర్ పనే అది. వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత వెనక్కి తిప్పుతుందో చెప్పే కొలత, 1 అయితే ఏమీ తిప్పదు) 1.5 ఉన్న యాంటెన్నాను అందరూ బాగుందనే అంటారు. అది 14 డీబీ రిటర్న్ లాస్, వోల్టేజ్‌లో 0.2. సర్క్యులేటర్ లీక్ 0.1. రెండూ ఫేజ్‌లో కలిస్తే 0.3, అంటే ఐసోలేషన్ 10.5 డీబీకి పడిపోయింది. 20 డీబీ సర్క్యులేటర్ బదులు ఖరీదైన 30 డీబీది కొన్నా యాంటెన్నా అలాగే ఉంటే లాభం ఉండదు. డబ్బు పెట్టేది యాంటెన్నా మ్యాచింగ్ మీద పెట్టండి.

టేబుల్ మీద చెడ్డ యాంటెన్నాను తయారుచేసుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. రెండో పోర్టుకు 7 డీబీ అటెన్యుయేటర్ పెట్టి దాని చివర తెరిచి ఉంచండి. సిగ్నల్ వెళ్లేటప్పుడు 7, తిరిగొచ్చేటప్పుడు 7, మొత్తం 14 డీబీ రిటర్న్ లాస్, అచ్చంగా 1.5 వీఎస్‌డబ్ల్యూఆర్. 10 డీబీ ప్యాడ్ (అటెన్యుయేటర్) పెడితే 1.22, 5 డీబీది పెడితే 1.92. మధ్యలో పొట్టి కేబుల్ ముక్కలు మారుస్తూ పోతే రిఫ్లెక్షన్ ఫేజ్ కూడా తిరుగుతుంది. నేల మీద పడుకున్న సైనికుడి యాంటెన్నా, తడిసిన చెట్టుకు ఆనుకున్న యాంటెన్నా ఏం చేస్తాయో ఈ ప్యాడ్లతోనే చూసేయవచ్చు.

ఒక హెచ్చరిక: రెండో పోర్టు ఖాళీగా ఉండగా ఎప్పుడూ పంపకండి. పవర్ అంతా రిసీవర్ మీదకు వస్తుంది. బీ210 రిసీవ్ పోర్టుకు −15 డీబీఎం దాటనివ్వకూడదు. ఐసోలేషన్ కొలిచి నమ్మకం కుదిరేదాకా రిసీవర్ ముందు 30 డీబీ అటెన్యుయేటర్ ఉంచండి, పవర్ −20 డీబీఎం దగ్గర మొదలుపెట్టండి.

అనలాగ్ క్యాన్సిలర్

ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే తీగ మొదటి 6 డీబీ కప్లర్ గుండా సర్క్యులేటర్ ఒకటో పోర్టుకు వెళ్తుంది. ఆ కప్లర్ నుంచి తీసిన నకలు స్టెప్ అటెన్యుయేటర్, లైన్ స్ట్రెచర్ దాటి, రిసీవర్ ముందున్న రెండో కప్లర్‌లో కలుస్తుంది. నకలు అంతే బలంతో, సరిగ్గా 180 డిగ్రీల తేడాతో చేరితే లీక్ చచ్చిపోతుంది.

రెండో కప్లర్‌ను తిరగేసి పెట్టాలి. ఇన్ అని రాసి ఉన్న పోర్టుకు రిసీవర్, అవుట్ అని ఉన్న పోర్టుకు సర్క్యులేటర్. కప్లర్ ఇన్ నుంచి నకలు పోర్టుకు పంపుతుంది కాబట్టి, నకలు పోర్టులో పోసినది ఇన్ వైపే బయటికి వస్తుంది. మామూలుగా పెడితే నకలు సర్క్యులేటర్ వైపు వెళ్లిపోతుంది, ఎంత తిప్పినా నల్ (సిగ్నల్ రద్దయ్యే చోటు) దొరకదు. ఏమీ అర్థంకాక సాయంత్రం దాకా కూర్చునే తప్పుల్లో ఇది మొదటిది.

రెండోది కప్లర్ల ఎంపిక. చేతికి సులువుగా దొరికేవి 10 డీబీవి. వాటితో నకలు దారి నష్టం చూడండి: కప్లర్లకు 20, అటెన్యుయేటర్‌కు కనీసం 1.5, స్ట్రెచర్‌కు 1, కేబుళ్లకు అర, మొత్తం 23 డీబీ. లీక్ దారి 20.9 డీబీయే. నకలు అసలు కంటే నీరసంగా ఉంటే రద్దు ఎలా అవుతుంది? 6 డీబీ కప్లర్లయితే నకలు దారి 15, లీక్ దారి 22.5, కాబట్టి 7.5 డీబీ వెసులుబాటు ఉంటుంది. ఈ వెసులుబాటు యాంటెన్నా కోసమే: వీఎస్‌డబ్ల్యూఆర్ 1.3 దాకా చెడినా అందుకోగలదు. దీనికి చెల్లించే మూల్యం, పంపేటప్పుడు 1.26 డీబీ, వినేటప్పుడు 1.26 డీబీ. నకలు దారిలో యాంప్లిఫయర్ పెట్టి ఈ మూల్యం తప్పించుకోవచ్చు కానీ, దాని నాయిజ్, వక్రత రెండూ సరాసరి రిసీవర్‌లో పడతాయి. మొదటి అమరికలో వద్దు.

సర్దడం ఇలా. పరికరాలను అరగంట వేడెక్కనివ్వండి. సింగిల్ టోన్ (ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ) పంపండి. అటెన్యుయేటర్‌ను 7.5 దగ్గర పెట్టి, స్ట్రెచర్‌ను మెల్లగా లాగుతూ స్థాయి తగ్గే చోటు పట్టుకోండి. తర్వాత అటెన్యుయేటర్ ఒక మెట్టు అటూ ఇటూ. పీఈ4302లో మెట్టు మారితే ఫేజ్ కూడా కొంచెం కదులుతుంది, కాబట్టి మళ్లీ స్ట్రెచర్. ఇలా నాలుగైదు సార్లు చేస్తే 30 డీబీ దాటుతుంది. 0.5 డీబీ మెట్లలో పావు డీబీ తప్పు మిగలడం సహజం, దానితో హద్దు 30.7 డీబీ. టోన్ మీద 50 డీబీ వచ్చిందని సంబరపడకండి, అది ఆ ఒక్క చుక్క దగ్గరి అదృష్టం.

ఇప్పుడు 5 మెగాహెర్ట్జ్ వెడల్పు మల్టీటోన్ (ఒకేసారి చాలా టోన్లు) పంపండి. మధ్యలో లోతుగా, అంచుల్లో పైకి లేచి ఇంగ్లిష్ వీ ఆకారం కనిపిస్తే రెండు దారుల ఆలస్యం కలవలేదన్నమాట. అంచుల్లో 25 డీబీయే వస్తోందనుకోండి. అంచు మధ్య నుంచి 2.5 మెగాహెర్ట్జ్ దూరం, లెక్క కడితే ఆలస్యం తేడా 3.6 నానోసెకన్లు, కేబుల్‌లో 75 సెంటీమీటర్లు. నకలు దారికి అంత కేబుల్ కలిపి మళ్లీ సర్దండి. ఇంకా చెడితే తేడా రెండో వైపు ఉంది, అదే ముక్కను సర్క్యులేటర్ దారిలో పెట్టండి.

సాఫ్ట్‌వేర్ వంతు

ముందు బోర్డును పరీక్షించండి. రిసీవ్ పోర్టులకు 50 ఓమ్ లోడ్లు పెట్టి 0 డీబీఎం పంపితే, బోర్డు లోపలి నుంచే ఎంత లీక్ అవుతోందో కనిపిస్తుంది. అది −52.5 డీబీఎం కంటే బాగా కింద ఉండాలి. ప్రధాన రిసీవర్‌కు బీ ఛానెల్, పంపడానికి 'ఏ' (A) ఛానెల్ వాడితే ఈ లీక్ తగ్గుతుంది.

'ఏ' (A) ఛానెల్ రిసీవ్ పోర్టు ఖాళీగా ఉంది కదా, దానికి మంచి పని ఉంది. ట్రాన్స్‌మిటర్ తీగ మీద 20 డీబీ కప్లర్ పెట్టి, ఇంకో 10 డీబీ అటెన్యుయేటర్ కలిపి −30 డీబీఎం నకలును అక్కడికి ఇవ్వండి. కోడ్‌లో మనం పంపమన్న శాంపిళ్లను కాకుండా ఈ నకలునే ఆధారంగా తీసుకోవాలి. కోడ్‌లోని సిగ్నల్ శుభ్రంగా ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ నుంచి నిజంగా బయటికి వచ్చేదానిలో మిక్సర్ ఇమేజ్, పవర్ యాంప్లిఫయర్ వక్రత, ఫేజ్ నాయిజ్ అన్నీ కలిసి ఉంటాయి. అర డిగ్రీ ఫేజ్ నాయిజ్ ఒక్కటే రద్దును 41 డీబీ దగ్గర ఆపేస్తుంది. నకలు రిసీవర్, ప్రధాన రిసీవర్ ఒకే ఆసిలేటర్ మీద నడుస్తాయి కాబట్టి ఈ మురికి రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది, తీసివేతలో ఎక్కువ భాగం పోతుంది.

ఆటోమేటిక్ గెయిన్‌ను ఆపి గెయిన్ చేత్తో పెట్టండి. డీసీ ఆఫ్‌సెట్, ఐక్యూ సవరణల ఆటోమేటిక్ ట్రాకింగ్ కూడా ఆపండి. అవి కొలత మధ్యలో కదిలితే నేర్చుకున్న గుణకాలు పాతబడతాయి. సెకనుకు కోటి శాంపిళ్ల వేగంతో లక్ష శాంపిళ్లు, అంటే 10 మిల్లీసెకన్లు, దూరపు స్టేషన్ మౌనంగా ఉండగా తీసుకోండి. నకలు శాంపిళ్లను ముందుకు 8, వెనక్కి 8 జరిపి 17 నిలువు వరుసలు, వాటి కాంజుగేట్లు ఇంకో 17, డీసీకి ఒకటి, మొత్తం 35 వరుసల మాత్రిక కట్టి లీస్ట్ స్క్వేర్స్‌తో గుణకాలు కనుక్కోండి. సిగ్నల్ సగం బ్యాండ్‌లోనే ఉంది కాబట్టి మాత్రిక దాదాపు విలోమం లేనిదిగా తయారవుతుంది, గుణకాలు లక్షల్లోకి పోతాయి. కర్ణం మీద సగటు విలువలో పది లక్షల్లో ఒక వంతు కలిపితే అదుపులోకి వస్తాయి.

ఫలితాన్ని నేర్చుకున్న శాంపిళ్ల మీద కొలవకండి. తర్వాత వచ్చిన ఇంకో లక్ష శాంపిళ్ల మీద కొలవండి. ఆ రెండు అంకెల మధ్య ఒక డీబీ కంటే ఎక్కువ తేడా ఉంటే వరుసలు మరీ ఎక్కువైనా అయి ఉండాలి, లేదా ఎక్కడో ఏదో కదులుతూ అయినా ఉండాలి.

చివరి పరీక్ష. రెండో ఎస్‌డీఆర్ నుంచి అటెన్యుయేటర్ల గుండా సర్క్యులేటర్ రెండో పోర్టు వైపు సిగ్నల్ ఇచ్చి, ప్రధాన రిసీవర్ దగ్గర −80 డీబీఎం ఉండేలా చూడండి. క్యూపీఎస్‌కే (మామూలు డిజిటల్ మాడ్యులేషన్) చాలు. మన ట్రాన్స్‌మిటర్ ఆపి ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్ నాయిజ్ కంటే ఎంత పైన ఉందో) కొలవండి, ఆన్ చేసి మళ్లీ కొలవండి. ఆపినప్పుడు 19, ఆన్ చేసినప్పుడు 11, 12 డీబీ రావాలి. "ఇన్ని డీబీలు రద్దు చేశాం" అనే అంకె కంటే ఈ తేడానే రిపోర్టులో రాయండి. పంపుతూ వినడానికి ఎంత ఖర్చవుతోందో చెప్పేది అదొక్కటే.

టేబుల్ దాటి పొలిమేరకు

యాంటెన్నా పెట్టి గాలిలోకి వదలాలంటే ఆ బ్యాండ్ నిబంధనలు చూసుకోండి. ముఖ్యంగా 225–400 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లలో డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ రేడియో లైసెన్సుల విభాగం) అనుమతి లేకుండా మన దేశంలో ఒక్క మిల్లీవాట్ కూడా వదలకూడదు.

30–88 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే కొన్ని సులువవుతాయి, కొన్ని కష్టమవుతాయి. తరంగదైర్ఘ్యం 30 దగ్గర 10 మీటర్లు కాబట్టి ఒక్క మిల్లీమీటర్ కేబుల్ డిగ్రీలో ఇరవయ్యో వంతే. 25 కిలోహెర్ట్జ్ ఛానెల్‌లో ఆలస్యం తేడా పట్టించుకోనక్కరలేదు. కానీ అక్కడ సర్క్యులేటర్ బరువైన ఫెర్రైట్ ముద్ద, పనిచేసే వెడల్పూ తక్కువే. వాహనం మీద రెండు యాంటెన్నాలు 3 మీటర్ల దూరంలో పెట్టినా 30 మెగాహెర్ట్జ్ దగ్గర అది తరంగదైర్ఘ్యంలో మూడో వంతు కూడా కాదు, ఐసోలేషన్ పెద్దగా రాదు.

ఫ్రీక్వెన్సీ హాపింగ్ ఇంకో మెలిక. అమెరికా సైన్యపు సింక్‌గార్స్ 30 నుంచి 87.975 మెగాహెర్ట్జ్ మధ్య 2,320 ఛానెళ్ల మీద సెకనుకు 111 సార్లు గెంతుతుంది. ఒక్కో గెంతుకు 9 మిల్లీసెకన్లు. అంత లోపల స్ట్రెచర్ లాగలేం. స్ట్రెచర్ స్థానంలో ఎలక్ట్రానిక్ వెక్టర్ మాడ్యులేటర్ (నకలు బలాన్నీ, ఫేజ్‌నూ మార్చేది) పెట్టి, ప్రతి ఛానెల్ విలువలూ ముందే కొలిచి పట్టికలో దాచుకుని, గెంతగానే ఎక్కించాలి. యాంటెన్నా చుట్టూ పరిస్థితి మారితే పట్టిక మొత్తం పాతబడుతుంది. కాబట్టి ప్రతి గెంతు మొదట్లో చిన్న సవరణకు కొన్ని వందల మైక్రోసెకన్లు కేటాయించి తీరాలి.

ఓడల్లో ఈ సమస్యకు తోబుట్టువు ఉంది. రక్షణ శాఖ 2021 ఫిబ్రవరిలో భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్)తో ఒప్పందం చేసుకున్న ఎస్‌డీఆర్ టాక్ సెట్ నౌకల మీద నాలుగు ఛానెళ్లను ఒకేసారి నడుపుతుంది. పక్క ఛానెల్ ట్రాన్స్‌మిటర్ మన రిసీవర్‌ను చెవిటిదాన్ని చేయడం అక్కడి బాధ. అక్కడ ఫ్రీక్వెన్సీలు వేరు కాబట్టి ఫిల్టర్లు చాలా భారం మోస్తాయి. అవి చాలనిచోట మాత్రం ఇదే క్యాన్సిలర్, ఇదే నకలు రిసీవర్ పనికొస్తాయి. తేడా ఒక్కటే, నకలును పక్క రేడియో నుంచి తెచ్చుకోవాలి. ఆ కేబుల్ పొడవును కూడా ఆలస్యం లెక్కలో కలపడం మరవకండి: 10 మీటర్లంటే దాదాపు 48 నానోసెకన్లు.